కెమెరా కొనే ముందు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు పెళ్ళంటే ఫోటోలు ఒక్కటే చాలవు. వీడియో కూడా కావాలి. జీలకర్ర-బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ కదులుతూ కనబడాలి. సన్నాయి వినబడాలి. ఇంతకుముందు ఫోటోలు తీసేవాడు ఒకడు వచ్చేవాడు. భుజం మీద పెద్ద వీడియో కెమెరా మోసుకుని ఇంకొకడు వచ్చేవాడు. ఇప్పుడు ఒక్క కెమెరాతోనే రెండు పనులూ చేయొచ్చు. దాని పేరు డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా. అందరూ డి.ఎస్.ఎల్.ఆర్. అంటారు.

ఈ పని నేర్చుకుని నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే కుర్రాళ్ళు ఊరూరా ఉన్నారు. కానీ కెమెరా చవక వస్తువు కాదు. అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీస్తుంది. లేదంటే బ్యాంకులో ముద్ర రుణం అడుగుతారు. 2015లో మొదలైన ఆ పథకంలో 'శిశు' అనే మొదటి మెట్టు కింద 50 వేల రూపాయల దాకా ఇస్తారు. అప్పు చేసి కొన్న కెమెరా పనికి సరిపడకపోతే ఏమవుతుంది? కెమెరా బీరువాలో ఉంటుంది. వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది.

చీకటి గది, చిన్న వాకిలి

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి తెలియనివాళ్ళు ఇక్కడ ఉండరు. ఏటా మార్చిలో, మళ్ళీ అక్టోబరులో, కొన్ని రోజులు పొద్దున్నే ఎండ వాకిళ్ళు దాటి గర్భగుడిలోకి వస్తుంది. స్వామి మీద పడుతుంది. కెమెరా కూడా అలాంటిదే. లోపల చీకటి గది. ముందు ఒక వాకిలి. ఆ వాకిలికి లెన్సు అనే గాజు బిగించి ఉంటుంది. వెలుగు లెన్సులోంచి వచ్చి వెనక గోడ మీద పడుతుంది. పాత కెమెరాలో అక్కడ రీలు ఉండేది. డిజిటల్ కెమెరాలో సెన్సర్ అనే పలక ఉంటుంది. దాని మీద కోట్ల చుక్కలు. ఒక్కో చుక్క తన మీద ఎంత వెలుగు పడిందో కొలుస్తుంది. ఆ కొలతలన్నీ కలిస్తే ఫోటో.

సెల్‌ఫోనులో ఈ పలక చిటికెన వేలి గోరంత ఉంటుంది. మామూలు డి.ఎస్.ఎల్.ఆర్.లో చిన్న తపాలా బిళ్ళంత ఉంటుంది. సుమారు 22 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు. పెద్ద పలక మీద ఎక్కువ వెలుగు పడుతుంది. రాత్రి ముహూర్తాలకు ఇది బాగా అక్కరకొస్తుంది.

ఈ కెమెరా లోపల ఏటవాలుగా ఒక అద్దం కూడా ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన బొమ్మను అది పైకి, మన కంటికి పంపిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. దాని వెనక ఉన్న షట్టర్ అనే తెర తెరుచుకుని మూసుకుంటుంది. 'టక్'మని వినబడే చప్పుడు ఇదే.

మొదటి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.ను 1991లో కొడాక్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. అందులో ఉన్నవి 13 లక్షల చుక్కలే. ఫోటోలు దాచే పెట్టెను విడిగా భుజానికి తగిలించుకోవాల్సి వచ్చేది! అప్పట్లో వీడియో సంగతే లేదు. 2008లో నికాన్ డి90 అనే కెమెరా వచ్చింది. వీడియో తీసిన మొదటి డి.ఎస్.ఎల్.ఆర్. అదే. అదే ఏడాది కేనన్ కంపెనీ కూడా 5డి మార్క్ 2 అనే కెమెరాలో వీడియో పెట్టింది. అంటే డి.ఎస్.ఎల్.ఆర్. పుట్టింది ఫోటోల కోసం. వీడియో తర్వాత వచ్చి చేరింది. అందుకే అన్ని కెమెరాల్లోనూ వీడియో ఒకేలా కుదరలేదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

కొట్టులో మొదటి ప్రశ్న

కొట్టులోకి వెళ్ళిన కుర్రాడు సాధారణంగా మొదట ఏమడుగుతాడు?

"అన్నా, ఇది ఎన్ని మెగాపిక్సెళ్ళు?"

"ఇరవై నాలుగు తమ్ముడూ!"

కుర్రాడికి సంతోషం. కానీ పక్కనే ఈ పనిలో ముదిరినవాడు ఎవరైనా ఉంటే ఇలా అంటాడు. "అదంతా సరే గానీ బావూ, దీనికి మైకు ఏ బెజ్జంలో పెడతావు?"

ఆ ప్రశ్న సరైనది. ఎందుకో చూడండి.

ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 24 మెగాపిక్సెళ్ళంటే 2 కోట్ల 40 లక్షల చుక్కలు. ఆల్బంలో 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉన్న పేజీని నాణ్యంగా అచ్చు వేయడానికి సుమారు 2 కోట్ల చుక్కలు చాలు. కాబట్టి 24 ఉంటే ఫోటోలకు లోటు లేదు. ఇక వీడియో సంగతి. ఫుల్ హెచ్.డి. వీడియోలో ఒక్కో బొమ్మకు కావలసినవి సుమారు 20 లక్షల చుక్కలే. 4కె అనే పెద్ద వీడియోకైనా 83 లక్షలు. మిగిలిన చుక్కల వల్ల వీడియోకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కేనన్ 1500డి 2018లో వచ్చింది. అదే కంపెనీ 200డి మార్క్ 2 2019లో వచ్చింది. రెండింటిలోనూ 24 మెగాపిక్సెళ్ళే. పగటిపూట తీసిన ఫోటోలు పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. కానీ 1500డికి బయటి మైకు పెట్టుకునే బెజ్జం లేదు. 200డి మార్క్ 2కు ఉంది. నికాన్‌లోనూ అంతే. డి3500కు మైకు బెజ్జం లేదు. డి5600కు ఉంది. అవి కూడా రెండూ 24 మెగాపిక్సెళ్ళవే.

మైకు అంత అవసరమా అని ఎవరైనా అడిగితే, తప్పెటగుళ్ళ ఆట తలుచుకుంటే చాలు. రొమ్ముకు కట్టిన తప్పెట, కాళ్ళకు గజ్జెలు, నోట పాట. ఈ మూడూ కలిస్తేనే ఆ ఆట. కెమెరాలో ఉండే చిన్న మైకు దగ్గర ఉన్న చప్పుడంతా పట్టేస్తుంది. లెన్సు తిరిగే గరగర, పక్కవాడి మాట, గాలి హోరు, జనరేటరు మోత అన్నీ వస్తాయి. పాట మాటలు మాత్రం ఎక్కడో దూరంగా ఉంటాయి. పెళ్ళిలో పురోహితుడి మంత్రానికీ ఇదే గతి. బయటి మైకును చప్పుడు వచ్చే చోటికి దగ్గరగా పెట్టొచ్చు. ఫోటో చీకటిగా వస్తే కొంతవరకు సరిచేయొచ్చు. సరిగా పట్టని పాటను తర్వాత తెచ్చి పెట్టడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ఫోటోలు మాత్రమే తీసేవాడికి 1500డి, డి3500 తరహా కెమెరా చాలు. వీడియో కూడా తీయాలంటే మైకు బెజ్జం ఉండి తీరాలి.

అద్దం లేచినప్పుడు

వీడియో తీసేటప్పుడు లోపలి అద్దం పైకి లేచి అలాగే ఉండిపోతుంది. కన్ను పెట్టి చూసే కిటికీలో చీకటే. వెనక ఉన్న తెరలోనే చూడాలి. ఆ తెర కదలకుండా బిగించి ఉంటే జనం తలల మీదుగా కెమెరా ఎత్తినప్పుడు ఏమీ కనబడదు. తెర పక్కకు తెరుచుకుని తిరిగేదైతే ఎలా పట్టుకున్నా కనబడుతుంది.

ఇంకొకటి ఫోకస్. పెళ్ళికూతురు మండపం వైపు నడిచి వస్తోంది. కెమెరా ఆమె మొహాన్ని వదలకుండా పట్టుకోవాలి. కొన్ని కెమెరాలు ఫోటోలో చటుక్కున ఫోకస్ చేస్తాయి గానీ వీడియోలో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటాయి. బొమ్మ మసకబారి మళ్ళీ తేరుకుంటుంది. డి5600లో ఈ ఇబ్బంది ఉంది. 200డి మార్క్ 2 ఫుల్ హెచ్.డి.లో బాగా పట్టుకుంటుంది. 4కెలో మాత్రం అంత బాగా పట్టుకోలేదు. అయినా అట్టపెట్టె మీద '4కె' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. దాన్ని చూసి మురిసిపోవద్దు. కొట్టులోనే ఒక మనిషిని ఎదురుగా నడిపించి, వీడియో తీసి చూసుకోవాలి.

సిరిమాను, లెన్సు

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. 60 అడుగుల దాకా పొడుగుండే మాను చివర పూజారి కూర్చుంటాడు. గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది. రోడ్డంతా ఇసకవేస్తే రాలని జనం. ఫోటోలు తీసేవాడు ఉన్నచోటు నుంచి కదలలేడు. కెమెరాతో పాటు వచ్చే లెన్సు మీద 18-55 అని రాసి ఉంటుంది. దాంతో తీస్తే పూజారి మాను చివర చీమలా కనబడతాడు. 55-250 లెన్సు ఉంటే మొహం కనబడుతుంది. అయితే వెనక ఆకాశం తెల్లగా మెరుస్తుంటుంది కాబట్టి మొహం నల్లగా వస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న మీటను ప్లస్ వైపు కాస్త జరిపితే సరి.

పొడుగు లెన్సుతో చెయ్యి వణికితే బొమ్మంతా వణుకుతుంది. వణుకు తగ్గించే ఏర్పాటు ఉన్న లెన్సు తీసుకోవాలి. కేనన్ లెన్సు మీద దానికి ఐ.ఎస్. అనీ, నికాన్ లెన్సు మీద వి.ఆర్. అనీ రాసి ఉంటుంది.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద వాలే పక్షులను తీయాలంటే ఈ లెన్సు కూడా చాలకపోవచ్చు. అంతకన్నా పొడుగు లెన్సులు కెమెరా కన్నా ఖరీదు. ఏడాదికి రెండుసార్లు వాడేదాన్ని అప్పు చేసి కొనడం తెలివైన పని కాదు. అద్దెకు తెచ్చుకోవచ్చు.

రాత్రి పెళ్ళికి కావలసింది వేరు. లెన్సు మీద 1.8, 3.5, 5.6 లాంటి అంకెలు కూడా ఉంటాయి. వాకిలి ఎంత తెరుచుకుంటుందో అవి చెబుతాయి. ఇందులో చిన్న తిరకాసు ఉంది. అంకె ఎంత చిన్నదైతే వాకిలి అంత పెద్దది. 5.6 దగ్గర వచ్చే వెలుగు కన్నా 1.8 దగ్గర తొమ్మిది రెట్ల పైనే వెలుగు వస్తుంది. 50 అని, 1.8 అని రాసి ఉన్న చిన్న లెన్సు చవకలో దొరుకుతుంది. ఉన్న డబ్బంతా కెమెరాకే పోసేస్తే ఈ లెన్సుకూ, మైకుకూ మిగలదు. కాస్త తక్కువ ధర కెమెరా కొని, మిగిలిన డబ్బుతో ఈ రెండూ కొన్నవాడిదే పైచేయి.

మనవైపు కరెంటు దీపాలతో ఒక గొడవ ఉంది. వాటిలో చాలా రకాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు. కెమెరాకు తెలుస్తుంది. వీడియోలో నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతాయి. కెమెరాలో 'పాల్' అనే పద్ధతి, సెకనుకు 25 బొమ్మలు, షట్టర్ 50లో ఒక వంతు పెట్టుకుంటే చాలావరకు చారలు పోతాయి.

చాలా డి.ఎస్.ఎల్.ఆర్.లు 29 నిమిషాల 59 సెకన్లకు వీడియో ఆపేస్తాయి. అది చెడిపోయి కాదు. అరగంట దాటి తీసేదాన్ని యూరప్ దేశాల్లో వీడియో కెమెరా కింద లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. అందుకని కంపెనీలు ఆ హద్దు పెట్టాయి. తాళి కట్టే వేళకు ఆగిపోకుండా, కాస్త ముందే ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

పాతదా, కొత్తదా

ఇప్పుడు కంపెనీలు అద్దం లేని కెమెరాల వైపు మళ్ళాయి. వాటిని మిర్రర్‌లెస్ అంటారు. కేనన్, నికాన్ 2020 తర్వాత కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. మోడళ్ళు తేలేదు. వీడియోకు అద్దం లేనివే మేలు. కానీ ధర ఎక్కువ. డబ్బు తక్కువగా ఉన్నవాడికి వాడిన డి.ఎస్.ఎల్.ఆర్. మంచి బేరమే. కేనన్, నికాన్ డి.ఎస్.ఎల్.ఆర్. లెన్సులను రేపు అదే కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరాకు అడాప్టర్ పెట్టి వాడుకోవచ్చు.

వాడిన కెమెరా కొంటే షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగాలి. చిన్న కెమెరాల షట్టర్ సుమారు లక్ష సార్లు పనిచేస్తుందని లెక్క. పెళ్ళికి 2,500 ఫోటోలు తీస్తే 40 పెళ్ళిళ్ళకు లక్ష. "నిండా రెండేళ్ళు కూడా వాడలేదు" అన్న మాట నమ్మి లాభం లేదు. ఏళ్ళు కాదు, పెళ్ళిళ్ళు లెక్కపెట్టాలి. కొత్తదైనా పాతదైనా బిల్లు ఉండాలి. బిల్లు మీద ఉన్న నంబరూ, కెమెరా అడుగున ఉన్న నంబరూ ఒకటేనా అని చదివి చూసుకోవాలి.

లెన్సులోకి టార్చిలైటు వేసి చూడాలి. లోపల సాలెగూడులాగా తెల్లటి పోగులు కనబడితే అది బూజు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో గాలిలో తడి ఎక్కువ. తోలు సంచిలో నెలల తరబడి మూసిపెట్టిన లెన్సుకు బూజు పడుతుంది. కొందరు తడి పీల్చుతుందని కెమెరాను బియ్యం డబ్బాలో పెడతారు. ఆ తవుడు పొడి సందుల్లోకి దూరి కొత్త తంటా తెస్తుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టాలి. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో కూడా వారానికొకసారి బయటికి తీసి పది ఫోటోలు తీయాలి. పొట్లంలో గింజల రంగు మారితే అవి తడి పట్టేసినట్టే. కొత్త పొట్లం వేయాలి.