ఆటపాటల జాగల మాల్ ఎందుకు లేస్తది?

పాలమూరు దిక్కుకెళ్లి రైలెక్కితె మనోళ్లు చానామంది కాచిగూడల దిగుతరు. 1916ల నిజాం జమానాల కట్టిన స్టేషన్ అది. బయటికొచ్చి చౌరస్తా దిక్కు నడిస్తె మహేశ్వరి పరమేశ్వరి మాల్ కనబడతది. ఇరువై ఏండ్ల పిలగానికి అది ఒక మాల్ పేరు. నా వయసోళ్లకు మహేశ్వరి ఒక టాకీసు, పరమేశ్వరి ఇంకో టాకీసు. టాకీసులు పోయినయి, పేర్లు మిగిలినయి. ఇప్పుడు అదే జాగల మల్టీప్లెక్స్, దుకాన్లు.

ఇది ఒక్క కాచిగూడ ముచ్చట కాదు. దునియా మొత్తంల టాకీసులు, రంగులరాట్నాల పార్కులు, సర్కస్ మైదానాలు మాల్‌లు అవుతనే ఉన్నయి. ఎందుకని అడిగితె, "జనం వచ్చుడు బంద్ చేసిన్రు" అంటరు. అది సగం నిజం. మిగతా సగం జాగ లెక్క, దాన్ని ఎవరూ మనకు విడమరిచి చెప్పరు.

మీ ఊరి రోడ్డు పక్కన ఎకరం చెల్క ఉన్నదనుకో తమ్మీ. పత్తి వేస్తవు. ఒక ఏడు లాభం, ఒక ఏడు నష్టం. ఇంతల రోడ్డు నాలుగు లైన్లయింది, పక్కపొంటి ప్లాట్లు పడ్డయి. నీ దిగుబడి ఏం తగ్గలె. అయినా "ఇంకా పత్తేంది?" అని ఊరంత అడుగుడు షురువైతది. చెల్క అట్లనే ఉన్నది, దాని చుట్టు ధర మారింది. పట్నంల జెయింట్ వీల్ తిరిగే జాగది కూడ గదే కథ.

జెయింట్ వీల్ మీద ఇంకో జెయింట్ వీల్ పెట్టరాదు. ఆటకు నేల కావాలె, పరుసుకున్న నేల. వాన పడితె బంద్, పరీక్షలప్పుడు ఖాళీ. మిషన్లకు రోజూ తనిఖీ, కరెంటు బిల్లు, నడిపెటోళ్ల జీతాలు. మాల్ అట్ల కాదు, అంతస్తు మీద అంతస్తు వేసుకుంట పోవచ్చు, వాన పడ్డా కిరాయి వస్తది. పైంగ 2006ల 86 నంబర్ జీవో వచ్చినంక హైదరాబాద్‌ల ఇంత జాగకు ఇంతే కట్టాలె అనే పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగను బట్టి ఎత్తు పెంచుకోవచ్చు. ఓనరు తన జాగను అంతస్తులల్ల లెక్కపెట్టుడు మొదలుపెట్టిండు. ఆటల మీద వచ్చే పైస ఆ లెక్క ముందల నిలబడదు, ఎంతమంది వచ్చినా సరె.

మరి మనకేం ఫరకు పడ్డది? సినిమా అక్కడ్నే ఆడుతుంది గద అంటరు. ఆడుతది. కని 2021 డిసెంబర్‌ల సర్కారు ఇచ్చిన 120 నంబర్ జీవో సూడుండ్రి. ఏసీ ఉన్న సింగిల్ స్క్రీన్ టాకీసుల టికెట్ 50 నుంచి 150 రూపాయలు. మల్టీప్లెక్సుల 100 నుంచి 250, జీఎస్టీ అదనం. అంటే అదే చౌరస్తా, అదే సినిమా అయినా టాకీసు పోయి మల్టీప్లెక్స్ రాంగనె అన్నిటికన్న తక్కువ టికెట్టే 50 కెళ్లి 100 కు ఎక్కింది. పాప్‌కార్న్ ముచ్చట నేనియ్యాల ఎత్తను.

టికెట్ ఒక్కటే కాదు. గేటు కాడ సెక్యూరిటీ, సంచి తనిఖీ, మెరిసే గచ్చు. భుజం మీద తువ్వాల, చేతిల రైలు సంచితోని వచ్చిన ముసలాయన టాకీసు ముందల గంటసేపు కూసున్నా ఎవరూ అడగకపోదురు. మాల్‌ల ఆయన అడుగు లోపట పెట్టుడే కష్టం, ఎవరూ ఆపకపోయినా. అట్లని మాల్‌ల మంచే లేదని నేననను. పాత టాకీసుల మూత్రశాలలు ఎట్లుండెనో మా అక్కలను అడుగుండ్రి. ఆడపిల్లలకు మాల్‌ల కొంచెం నిమ్మళం, శుభ్రం. ఈ మాట దాచిపెట్టి పాత రోజులను పొగిడెటోళ్లను నేను నమ్మ.

అసలు పార్కునే తీసేసి మాల్ కట్టిన ఊరు అమెరికాల ఉన్నది, నాష్‌విల్. అక్కడ ఆప్రీలాండ్ అని 1972ల పెట్టిన పెద్ద ఆటల పార్కు. ఎండాకాలం వస్తె ఆ ఊరి చదువుకునే పోరగాండ్లకు అక్కడ్నే కొలువులు. 1997 ఆఖరుకు మూసిన్రు. 2000 మేల అదే జాగల ఆప్రీ మిల్స్ అని మాల్ తెరిచిన్రు. 2010ల వరదొచ్చి మాల్ మునిగింది, మళ్ల తెరిచెవరకు 2012 అయ్యింది.

ఇంకోటి హ్యూస్టన్‌ది. మన తెలుగోళ్లు మస్తుమంది ఉండే ఊరు. అక్కడ 1968 సంది నడిచిన ఆస్ట్రోవరల్డ్ పార్కును సిక్స్ ఫ్లాగ్స్ కంపెనీ 2005ల బంద్ చేసింది. జాగ అమ్మితె 15 కోట్ల డాలర్ల దాక వస్తయనుకున్నరు. వచ్చినయి 7.7 కోట్లు. పార్కు పాయె, అనుకున్న పైస పాయె, ఆ జాగ ఏండ్లకేండ్లు ఖాళీగ పడి ఉన్నది. జాగ లెక్క ఎప్పుడూ కరెక్టే అని చెప్పెటోళ్లకు ఈ కథ చెప్పుండ్రి.

మన దగ్గర మాల్‌ను నింపిన పెద్ద దుకాన్ల గతి సుత సూసినం. బిగ్ బజార్ 2001ల హైదరాబాద్‌కు వచ్చింది. 2022 వచ్చెవరకు దాని కంపెనీ అప్పులల్ల కూలి దివాలా కోర్టుకు ఎక్కింది, దేశమంత బోర్డులు దిగినయి.

ఇగ కాచిగూడకెళ్లి నాంపల్లికి రాండ్రి, ఎంతో దూరం లేదు. ఎగ్జిబిషన్ మైదానం, అంటే మన నుమాయిష్ జాగ, ఊరు నడిబొడ్డుల ఇరువై ఎకరాలకు పైన ఉంటది. ఇన్నేండ్లల్ల ఆ జాగ మాల్ కాలె. ఎందుకు కాలెనో తెలుసుకోవాలె.

1938ల ఉస్మానియాల చదివిన పోరగాండ్లు రెండున్నర రూపాయల పెట్టుబడితోని పబ్లిక్ గార్డెన్స్‌ల పది రోజులు పెట్టిన ప్రదర్శన అది. మన దగ్గర తయారైన సరుకు మన జనానికి చూపెట్టాలె అనేది ఆలోచన. 1946ల నాంపల్లికి మారింది. ఇప్పుడు ఏటా జనవరి 1 సంది నెలన్నర నడుస్తది. కశ్మీరు శాలువల కాడికెళ్లి జెయింట్ వీల్ దాక అన్నీ అక్కడ్నే. లోపటికి టికెట్ 50 రూపాయలకు మించలె. పోయినంక ఏం కొనకున్నా తిరగచ్చు, కూసోవచ్చు.

అసలు ముచ్చట దాన్ని నడిపెటోళ్లది. ఎగ్జిబిషన్ సొసైటీ లాభాలు పంచుకునే కంపెనీ కాదు. దుకాన్ల కిరాయి, టికెట్ల పైస కాలేజీలకు పోతది. కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఆ మైదానంలనే ఉన్నయి, రెండూ ఆడపిల్లలయే. అమ్ముకునే ఓనరు లేడు, అందుకే జాగ ధర ఎంత పెరిగినా "ఇంకా నుమాయిషేంది?" అని అడిగితె వినెటోడు లేడు. అక్కడ అంతా సాఫ్ అని నేననను. 2019 జనవరి 30 రాత్రి అగ్గి అంటుకుని వందల దుకాన్లు కాలినయి. పానాలు పోలె, అదే అదృష్టం. చిన్న యాపారులు మాత్రం రోడ్డున పడ్డరు. ఫైర్ పర్మిషన్ సంగతి ఎవరికీ గట్టిగ యాదికి రాలె, కాలినంకనే వచ్చింది.

ఇప్పుడు మీ మండలంల, మీ మున్సిపాలిటీల ఆట మైదానం పక్కకు ఎవరన్న టేపు పట్టుకొని కొలుస్తున్నరంటె, ముందు ఆ జాగ ఎవరి పేరు మీద ఉన్నదో సూడుండ్రి. లేఅవుట్ చేసినప్పుడు పది శాతం జాగ ఖాళీగ వదిలి పంచాయితికో మున్సిపాలిటికో రాసియ్యాలె, అది అమ్మే జాగ కాదు. మాస్టర్ ప్లాన్‌ల పార్కు అని రాసి ఉంటె, దాన్ని వ్యాపార జాగగ మార్చేముందు అభ్యంతరాలు అడుగుతు నోటిఫికేషన్ ఇయ్యాలె. దానికి గడువు రోజులల్లనే ఉంటది, నెలలు కాదు. సమాచార హక్కు దరఖాస్తు పెడితె 30 రోజులల్ల జవాబు రావాలె. అభ్యంతరం గడువు అంతకన్న ముందే అయిపోవచ్చు, అందుకే టేపు కనబడ్డ రోజే దరఖాస్తు రాయుండ్రి.