ఆ మీట ఎక్కడ దాచారు?

రాత్రి తొమ్మిదైంది. కొత్త కారులో కుటుంబమంతా హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తోంది. ఉన్నట్టుండి వాన అందుకుంది. అద్దం నిండా ఆవిరి. పాత కారైతే చెయ్యి దానంతటదే వెళ్లి మీట తిప్పేసేది. ఇప్పుడక్కడ నున్నటి గాజు తెర ఉంది. ఏసీ బొమ్మ నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంది. అందులో రెండు అద్దాల బొమ్మలు. ఏది ముందుదో, ఏది వెనకదో! పక్క సీట్లో ఆవిడ 'ముందు రోడ్డు చూడండీ' అని కేకేసేదాకా ఆయన చూపు తెరమీదే.

కొత్త కార్లున్న చాలా ఇళ్లలో ఇదే గోల. పెద్దవాళ్లకి చేతకాకే ఈ తంటా అని పిల్లలు నవ్వుతారు కానీ, స్వీడన్‌లోని 'వీ బిలేగారె' అనే కార్ల పత్రిక 2022లో దీన్ని కొలిచి చూసింది. పదకొండు కొత్త కార్లతోపాటు టచ్‌స్క్రీన్ లేని 2005 నాటి వోల్వో వి70నీ విమానాల రన్‌వే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించింది. పనులు మామూలువే. సీటు వేడిచేసి, లోపలి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెంచి, అద్దం మీది ఆవిరి పోగొట్టాలి. రేడియోలో ఫలానా స్టేషన్ పెట్టాలి. ట్రిప్ కంప్యూటర్ని సున్నా చేయాలి. డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించి, మధ్యలోని తెర ఆర్పేయాలి. పాత వోల్వోలో ఇవన్నీ పది సెకన్లలో అయిపోయాయి. ఆలోగా కారు 306 మీటర్లు వెళ్లింది. ఆఖర్న నిలిచిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో పట్టిన సమయం 44.6 సెకన్లు, సాగిన దూరం 1,372 మీటర్లు! డ్రైవర్లకి కారు అలవాటయ్యేందుకు ముందే సమయమిచ్చారు కూడా.

జర్మనీలో ఒకాయన వానలో టెస్లా నడుపుతూ, వైపర్ వేగం మార్చేందుకు తెర నొక్కుతూ వెళ్లి చెట్లని గుద్దాడు. అలా తెరమీదే చూపు పెట్టడమూ తప్పేనంటూ కార్ల్స్‌రూ కోర్టు 2020లో 200 యూరోల జరిమానానీ, నెలపాటు కారు నడపకూడదన్న శిక్షనీ ఖాయం చేసింది.

డ్యాష్‌బోర్డు వెలుగుదీ ఓ కథే. పాత కార్లలో హెడ్‌లైట్ వేస్తేనే మీటర్లు వెలిగేవి. లైటు మరచిపోతే స్పీడెంతో కనిపించదు, వెంటనే గుర్తొచ్చేది. ఇప్పుడు చాలా కార్లలో స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు ధగధగలాడిపోతుంది. ముందువైపు పగటి దీపాలూ వెలుగుతుంటాయి. వీధిలైట్ల కింద ఇంకేం తెలుస్తుంది? అన్ని లైట్లూ వేసుకున్నామనే అనుకుంటాం. వెనక వచ్చే లారీవాడికి మాత్రం కారే కనపడదు. ఇలాంటివాటిని కెనడాలో 'దయ్యం బళ్లు' అంటున్నారు. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి కొత్త బళ్లకి మూడు దారులు పెట్టారు. డ్యాష్‌బోర్డు వెలిగితే వెనక దీపాలూ వెలగాలి. లేదా చీకటి పడగానే లైట్లన్నీ వాటంతటవే రావాలి. అదీ కాదంటే డ్యాష్‌బోర్డుని చీకట్లోనే ఉంచాలి. ఈ మూడోది మన పాత కార్ల పద్ధతే!

తెర మరీ వెలిగిపోతున్నా చిక్కే. ఆ కాంతికి అలవాటుపడిన కళ్లకి బయటి చీకట్లో మనిషి ఓ పట్టాన కనిపించడు. శాబ్ కంపెనీ 1990ల్లోనే దీనికో మీట పెట్టింది. నొక్కితే స్పీడోమీటరు తప్ప దాదాపు అన్నీ ఆరిపోయేవి. పాపం, ఆ కంపెనీ కార్లే ఇప్పుడు రావట్లేదు.

అయినా తెరలెందుకు పెడుతున్నారంటే, చూడ్డానికి బాగుంటాయి, బోలెడు మీటలూ వాటి వైర్లూ అమర్చే ఖర్చు తప్పుతుంది. ఇప్పుడిప్పుడే గాలి మళ్లుతోంది. ధ్వనికీ, వేడికీ, ఫ్యానుకీ, ప్రమాద హెచ్చరిక దీపాలకీ మళ్లీ అసలు మీటలే పెడతామని ఫోక్స్‌వ్యాగన్ 2025లో చెప్పింది. ఐరోపాలో కార్ల భద్రతకి స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి అయిదింటికి విడి మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. ఇండికేటర్లు, హెచ్చరిక దీపాలు, వైపర్లు, ఆపద కాల్... అయిదోది హారన్. దానికీ మీట ఉండాలని ఒకరు చెప్పాల్సి రావడం మాత్రం మన రోడ్ల మీద తిరిగేవాళ్లకి బొత్తిగా మింగుడుపడని సంగతే!