స్వయంనిర్మిత వాహనాలలో బ్రేకు పైపుల అమరిక: గోదావరి డెల్టా నేపథ్యంలో ఒక వివరణ

ప్రస్తావన

గోదావరి డెల్టాలో అనేక రహదారులు కాలువగట్ల వెంట సాగుతాయి. ఒకవైపు నీరు, మరొకవైపు పల్లపు వరిచేలు ఉన్న ఇరుకుదారిలో బ్రేకు విఫలమైతే వాహనం తప్పుకోవడానికి చోటుండదు. 1980లో స్థాపితమైన భీమవరం ఎస్.ఆర్.కె.ఆర్. కళాశాల వంటి సంస్థల ద్వారా ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ విద్య విస్తరించింది. 2007లో మొదలైన బాహా ఎస్.ఏ.ఈ. ఇండియా పోటీలు వాహన నిర్మాణాన్ని దేశవ్యాప్తంగా విద్యార్థుల చేతికి తెచ్చాయి. అటువంటి వాహనంలో బ్రేకు పైపుల అమరికను నిర్ణయించే సూత్రాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పీడన ప్రసారం

మూసిన ద్రవంలో ఒకచోట కలిగిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం. పెడల్‌పై 300 న్యూటన్ల బలం ప్రయోగించి, పెడల్ నిష్పత్తి 5 అయితే, మాస్టర్ సిలిండర్‌పై 1500 న్యూటన్లు పడతాయి. సిలిండర్ వ్యాసం 19.05 మి.మీ. అయినపుడు, ఘర్షణను విడిచి లెక్కిస్తే, పైపులలో పీడనం సుమారు 5.3 మెగాపాస్కల్స్. పైపు ఎక్కడ పగిలినా ఆ వలయంలో ఈ పీడనం నిలువదు. కనుకనే బాహా నియమాలు కనీసం రెండు స్వతంత్ర వలయాలను కోరుతాయి.

వలయ విభజన

ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటి కేటాయించడం మొదటి పద్ధతి. ఎడమ ముందు చక్రాన్ని కుడి వెనుక చక్రంతోను, కుడి ముందుదాన్ని ఎడమ వెనుకదానితోను కలపడం రెండవది. బ్రేకు వేసినపుడు భారం ముందుకు మళ్లుతుంది. అందుచేత మొదటి పద్ధతిలో ముందు వలయం విఫలమైతే మిగిలే నిరోధం సగం కన్నా తక్కువ. రెండవ పద్ధతిలో దాదాపు సగం నిలుస్తుంది. అయితే వెనుక ఇరుసుపై రెండు చక్రాలకూ ఒకే డిస్కు అమర్చిన వాహనంలో రెండవ పద్ధతి సాధ్యం కాదు.

అమరికలో జాగ్రత్తలు

చట్రం వెంట 4.75 మి.మీ. ఉక్కు పైపు, కదిలే చక్రం వద్ద హోస్ పైపు వాడటం సాధారణం. స్టీరింగ్‌ను చివరివరకు తిప్పి, సస్పెన్షన్‌ను పూర్తిగా పైకీ కిందికీ కదిపి, హోస్ సాగడం లేదని, దేనికీ రాసుకోవడం లేదని నిర్ధారించాలి. పైపు మధ్యలో గూనిలా లేస్తే అక్కడ గాలి నిలుస్తుంది. గాలి కుంచించుకుపోవడం వల్ల పెడల్ మెత్తబడుతుంది. ఎయిర్ తీసే నిపుల్ కాలిపర్ పైభాగాన ఉండాలనడానికీ ఇదే కారణం. సైలెన్సర్ పైపుకు దూరం పాటించాలి. డాట్ 4 బ్రేకు ఆయిల్ కనీస మరుగుస్థానం 230 డిగ్రీల సెల్సియస్, తేమ 3.7 శాతానికి చేరితే ఆ కనీస ప్రమాణం 155 డిగ్రీలే. డెల్టా వంటి తేమ వాతావరణంలో ఆయిల్ డబ్బా మూత బిగుతూ, నిర్ణీత కాలానికి ఆయిల్ మార్పిడీ అవసరం.

ముగింపు

రెండు వలయాలున్నంత మాత్రాన భద్రత సిద్ధించదు. మూసిన ఆవరణలో, అతితక్కువ వేగంతో, ఒక్కొక్క వలయాన్ని నిలిపివేసి రెండవది వాహనాన్ని ఆపుతున్నదో లేదో పరీక్షించాలి. ప్రజారహదారిపైకి రావాలంటే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం నమూనా వాహనం అధీకృత సంస్థ పరీక్షకు నిలవాలి. అంతవరకు దాని స్థానం కళాశాల ప్రాంగణమే తప్ప కాలువగట్టు కాదు.