అంకెలు పాడతాయా?

కొందరి ఇళ్ళలో రెండు పెద్ద స్పీకర్లు, వాటి మధ్య ఒక బరువైన పెట్టె ఉంటాయి. ఆ పెట్టెను రిసీవర్ అంటారు. రేడియో తరంగాలను అందుకునే భాగమూ, బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచే యాంప్లిఫయరూ ఒకే పెట్టెలో ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఈనాడు ఆ పెట్టెకు ఫోనునో కంప్యూటరునో తగిలించి పాటలు వింటున్నారు. అయితే ఫోనులో దాగి ఉన్నది పాట కాదు, వట్టి అంకెలు! మరి అంకెలు ఎలా పాడతాయి?

జ్వరం పట్టిక

ఆసుపత్రిలో నర్సు కొన్ని గంటలకొకసారి రోగి ఉష్ణోగ్రత కొలిచి పట్టికలో రాస్తుంది. ఆ అంకెలను చుక్కలుగా పెట్టి కలిపితే జ్వరం ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో తెలుస్తుంది. రోజుకు ఒక్కసారే, అదీ ఉదయమే కొలిస్తే? సాయంత్రం వచ్చి రాత్రికి తగ్గే జ్వరం పట్టికకు ఎక్కనే ఎక్కదు.

ధ్వనిని అంకెలుగా మార్చడమూ ఇటువంటిదే. మైక్రోఫోన్ గాలిలోని కంపనాలను విద్యుత్ కంపనాలుగా మారుస్తుంది. వాటి వోల్టేజిని క్రమం తప్పకుండా కొలిచి రాయాలి. ఎన్నిసార్లు? మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. వాటిని పూర్తిగా పట్టుకోవాలంటే అందుకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. ఈ సూత్రానికి అమెరికన్ శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1949లో రుజువు ప్రచురించాడు. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు రూపొందించగా 1982లో అమ్మకానికి వచ్చిన కాంపాక్ట్ డిస్క్‌లో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుగా రాస్తారు.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. కుడి, ఎడమ స్పీకర్లకు వేర్వేరుగా 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు. ఇది ఒక్క సెకనుకే! ఐదు నిమిషాల పాటకు దాదాపు 5 కోట్ల 30 లక్షల బైట్లు కావాలి.

పారవేసినది తిరిగి రాదు

పక్కనే డప్పు మోగుతుంటే గుసగుస వినబడదు కదా! చెవికున్న ఈ బలహీనతను ఆధారం చేసుకుని, వినబడని భాగాలను వదిలివేసి పాటను కుదించే పద్ధతే ఎంపీ3. దీని రూపకల్పనలో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ ముఖ్యపాత్ర వహించింది. సెకనుకు 1,28,000 బిట్లతో సరిపెడితే పాట పదకొండో వంతుకు తగ్గిపోతుంది. మరీ కుదిస్తే మాత్రం తాళాల మోత నీళ్ళలో మోగినట్లు వినిపిస్తుంది. ‘ఫ్లాక్’ అనే మరొక పద్ధతి దేనినీ పారవేయదు. అందుకే దానికి చోటు ఎక్కువ కావాలి.

మళ్ళీ ధ్వనిగా

అంకెలను తిరిగి విద్యుత్ తరంగంగా మలిచే చిన్న పరికరాన్ని డిజిటల్-అనలాగ్ కన్వర్టర్ అంటారు. ఇది ఫోనులోనూ ఉంటుంది, ఈ కాలపు చాలా రిసీవర్లలోనూ ఉంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ కలిపితే ఆ పని ఫోనే చేస్తుంది. కంప్యూటరు నుంచి ఆప్టికల్ కేబుల్ కలిపితే అంకెలు కాంతి మిణుకులుగా వెళ్ళి రిసీవర్‌లో తరంగమవుతాయి. ఆ కేబుల్‌లో విద్యుత్తు ప్రవహించదు కనుక, తీగల ద్వారా చొరబడే ‘గుంయ్’ మనే రొద దానిగుండా రాదు. బ్లూటూత్ ద్వారా పంపితే సాధారణంగా పాట మరొకసారి కుదించబడుతుంది.

ఆపైన యాంప్లిఫయర్ తరంగాన్ని పెంచుతుంది. స్పీకర్‌లోని తీగచుట్ట అయస్కాంతం పక్కన ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానికి అతికిన కాగితపు శంకువు గాలిని కదిలిస్తుంది. అదే పాట!

మీరూ చేసి చూడండి

ఫ్లాక్ రూపంలో ఉన్న ఒక పాటను కంప్యూటరులో సెకనుకు 64,000 బిట్ల ఎంపీ3గా ఒకసారి, 3,20,000 బిట్ల ఎంపీ3గా మరొకసారి మార్చండి. ఏది ఏదో చెప్పకుండా మిత్రునికి పదేసిసార్లు వినిపించి, అతడు చెప్పినది రాసుకోండి. తరువాత 64,000 బిట్ల పాటనే మళ్ళీ 3,20,000 బిట్లకు మార్చి వినండి. ఫైలు పెద్దదవుతుంది గాని, పోయిన తాళాల మోత తిరిగి రాదు. ఎంత ఖరీదైన రిసీవరైనా తనకు అందిన అంకెలనే పాడగలదు మరి!