పికప్ ట్రక్కు కొంటున్నారా? ముందు తలుపు తీసి చూడండి

మన తెలుగు సంఘాలు ఉగాదికో దీపావళికో హాలు అద్దెకు తీసుకున్నప్పుడు కార్యవర్గంలో వినిపించే మొదటి ప్రశ్న "పికప్ ట్రక్కు ఎవరికుంది?" అన్నదే. స్టేజి అలంకరణ, మడత బల్లలు, సౌండు బాక్సులు, రెండొందల మందికి సరిపడే పులిహోర, ఇవన్నీ క్యామ్రీ డిక్కీలో పట్టవు కదా! ఒకప్పుడు మనవాళ్ళలో ట్రక్కు ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే. ఇప్పుడు కేటరింగ్ చేసేవాళ్ళు, ఇళ్ళు కొని బాగుచేసి అద్దెకిచ్చేవాళ్ళు, ఊరి చివర రెండెకరాలు కొని ఆనపకాయలు పండించేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వీళ్ళందరూ అడిగేది ఒకటే: "వారమంతా పనికీ, శనివారం పిల్లల సాకర్‌కీ పనికొచ్చే నమ్మకమైన ట్రక్కు ఏది?"

నేను మెకానిక్కుని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. కానీ మా వృత్తిలో నేర్పే మొదటి పాఠం ఇక్కడా పనికొస్తుంది. అవసరాలేమిటో కాగితం మీద పెట్టకుండా కోడు రాయడం మొదలుపెట్టిన ప్రాజెక్టు ఏమవుతుందో మనందరికీ తెలుసు. ట్రక్కూ అంతే. నమ్మకం అనేది ముందున్న బ్యాడ్జీలో ఉండదు. మీరు మోయించే బరువుకీ ఆ బండి మోయగల బరువుకీ పొంతన కుదరాలి, ఇంతకుముందు వాడినవాళ్ళు దాన్ని సరిగ్గా చూసుకుని ఉండాలి. ఈ రెండూ చూసుకుంటే ఏ కంపెనీదైనా చాలాకాలం నడుస్తుంది.

ముందు పని, తర్వాత బండి

ఒక నెలపాటు చిన్న పుస్తకం పెట్టుకోండి. ఏ రోజు ఏం మోశారు, ఎంత బరువు, ఎంత దూరం, బండిలో ఎంతమంది ఉన్నారు, అంతే. మా ఊళ్ళో కేటరింగ్ చేసే మిత్రుడొకాయన పెద్ద ట్రక్కు కొనాలని ఉబలాటపడుతూ ఇలా రాసి చూసుకున్నారు. నెలలో చాలా రోజులు ఆయన మోసింది మూడొందల పౌన్ల లోపే. పెళ్ళి ఆర్డర్లున్న శనివారాల్లో మాత్రం వెయ్యి దాటింది. దాంతో మధ్యరకం ట్రక్కు సరిపోతుందని తేలిపోయింది. మిగిలిన డబ్బు వంటింటి సామానుకు పనికొచ్చింది.

తలుపు పక్కన చీటీ

టీవీ ప్రకటనల్లో ట్రక్కు కొండల మీదికి పడవను లాక్కెళుతూ కనిపిస్తుంది. "పన్నెండు వేల పౌన్లు లాగుతుంది!" అని గంభీరమైన గొంతు వినిపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ లాగడం వేరు, మోయడం వేరు. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల గాలి వివరాలతో ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌన్లు మించరాదు అని అందులో రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఇది ఆ మోడల్ మొత్తానికి రాసిన సంఖ్య కాదు, మీ ముందున్న ఆ ఒక్క బండికి రాసిన సంఖ్య. ఒకే సంవత్సరం ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కనే ఉన్నా ఈ సంఖ్యలో వందల పౌన్ల తేడా ఉండొచ్చు. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగు తలుపుల పెద్ద క్యాబిన్, ఇలా ఏది అదనంగా చేర్చినా బండి సొంత బరువు పెరిగి, మోయగల బరువు తగ్గుతుంది. అందుకే చాలాసార్లు సోకులెక్కువున్న ట్రక్కు తక్కువ మోస్తుంది.

ఒక లెక్క వేద్దాం. చీటీ మీద 1,500 పౌన్లు అని ఉందనుకోండి. నాన్న 180, అమ్మ 140, పిల్లలిద్దరూ 90, 60. మొత్తం 470. మిగిలింది 1,030. వెనక 5,000 పౌన్ల ట్రైలర్ తగిలించారు. ట్రైలర్ బరువులో మామూలుగా 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వీపు మీద పడుతుంది. 12 శాతం అనుకుంటే 600. ఇక మిగిలింది 430. అందులోనే హిచ్ సామాను, కూలర్లు, టెంటు, పనిముట్ల పెట్టె. లాగే శక్తి ఇంకా సగం మిగిలి ఉండగానే మోసే శక్తి అయిపోవచ్చింది!

హోమ్ డిపోలో దొరికే 80 పౌన్ల కాంక్రీటు సంచులు ఇరవై వేస్తే 1,600 పౌన్లు. చూడ్డానికి తొట్టిలో సగం కూడా నిండదు. మొక్కల మొదట్లో వేసే మల్చ్ ఘనగజం 400 నుంచి 800 పౌన్లు తూగుతుంది. అదే కొలత కంకర అయితే 2,400 దాటుతుంది. కళ్ళతో చూసి బరువు అంచనా వేయకూడదనేది ఇందుకే.

బరువు మించితే ఏమవుతుంది? వెనక భాగం కిందికి దిగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది, స్టీరింగు తేలిపోతుంది. బ్రేకు వేశాక బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఎండాకాలం ఫ్రీవే మీద వేడెక్కిన టైరు పగిలితే ఆ బండిలో ఉన్నది మన పిల్లలే. చీటీ మీది సంఖ్య గేరుపెట్టె ఆయుష్షుకే కాదు, ఇంటిల్లిపాది ఆయుష్షుకూ సంబంధించినది.

ఏ సైజు ఎవరికి?

ఆఫీసుకు రోజూ నడిపి, శనివారం తోటపని సామాను తెచ్చుకునేవాళ్ళకు ఫోర్డ్ మావెరిక్ లాంటి చిన్న ట్రక్కు చాలు. 2022 మోడల్‌తో వచ్చిన దాని హైబ్రిడ్‌కు నగరంలో గాలనుకు 42 మైళ్ళని ఈపీఏ అంచనా వేసింది. తొట్టి నాలుగున్నర అడుగులే అయినా 1,500 పౌన్ల దాకా మోస్తుంది. హోండా రిడ్జ్‌లైన్ కారులా మెత్తగా నడుస్తుంది, తొట్టి అడుగున తాళం వేసుకునే డిక్కీ ఉంటుంది. దాంతో 5,000 పౌన్ల వరకే లాగాలి. టయోటా టకోమా, నిస్సాన్ ఫ్రాంటియర్ మట్టి రోడ్లకూ మధ్యరకం పనికీ బాగుంటాయి.

ప్లైవుడ్ షీటు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉంటుంది. వాటిని తరచు తెచ్చేవాళ్ళకు చక్రాల గూళ్ళ మధ్య షీటు బల్లపరుపుగా పట్టే పెద్ద ట్రక్కు కావాలి. ఎఫ్-150, సిల్వరాడో, ర్యామ్ 1500, టండ్రా ఆ కోవలోవి. అయితే కొనేముందు గరాజు కొలవండి. నాలుగు తలుపుల ఎఫ్-150 ఐదున్నర అడుగుల తొట్టితోనే 19 అడుగులు దాటుతుంది, ఆరున్నర అడుగుల తొట్టితో 20 దాటుతుంది. గరాజు తలుపు పడకపోతే ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు!

డీజిల్ ఇంజను బరువైన ట్రైలర్‌ను దూరాలు లాగేవాళ్ళకు. రోజూ ఐదు మైళ్ళు వెళ్ళొచ్చేవాళ్ళ బండిలో పొగ గొట్టపు ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునేంత వేడి పుట్టదు. మసి పేరుకుని ఖర్చు పెడుతుంది.

పేరు చూసి మోసపోకండి

టయోటా అంటే మనవాళ్ళకు ఇలవేల్పుతో సమానం. నిజంగానే మంచి బళ్ళు. అయినా కొన్ని పాత టకోమా, టండ్రా, సెకోయాల ఫ్రేములకు తగిన తుప్పు రక్షణ లేదన్న దావాలో 2016లో ఆ కంపెనీ 340 కోట్ల డాలర్ల దాకా విలువైన పరిష్కారానికి ఒప్పుకుంది. ఇంజన్లలో లోహపు రజను మిగిలిపోయి ఉండొచ్చని 2024లో సుమారు లక్షా రెండు వేల టండ్రా, లెక్సస్ బళ్ళను వెనక్కి పిలిచింది. 6.2 లీటర్ల వీ8 ఇంజను లోపంతో 2025లో జనరల్ మోటార్స్ దాదాపు ఆరు లక్షల ట్రక్కులనూ ఎస్‌యూవీలనూ పిలిచింది. వీటివల్ల ఫలానా కంపెనీ చెడ్డదని కాదు. కంపెనీ పేరు ఒక్కటే చాలదు, ఏ సంవత్సరం, ఏ ఇంజను అన్నది చూడాలి. కొత్తగా రూపం మార్చుకున్న మోడల్‌కు ఏడాదో రెండేళ్ళో సమయమివ్వడం మంచిది.

ప్రతి బండికీ పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన విన్ నంబరు ఉంటుంది. ప్రభుత్వ భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో ఆ నంబరు కొడితే ఇంకా బాగుచేయించని రీకాల్స్ ఏమున్నాయో ఉచితంగా తెలుస్తుంది.

పాత బండి: సంతలో ఎద్దును చూసినట్టు

మన తాతలు సంతలో ఎద్దును కొనేటప్పుడు కొమ్ములకు పూసిన రంగు చూసి మురిసిపోలేదు. నోరు తెరిపించి పళ్ళు చూశారు, డెక్కలు చూశారు, నాలుగడుగులు నడిపించారు. పాత ట్రక్కునూ అలాగే చూడాలి.

ఒహాయో, మిషిగన్, న్యూజెర్సీ లాంటి చోట్ల మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన బండి విషయంలో పైన పటారం లోన లొటారం అన్న సామెత గుర్తుంచుకోండి. టార్చిలైటు పట్టుకుని కిందికి వంగి చూడండి. స్పేర్ టైరు పైన, వెనక కమాన్ కట్టలు ఫ్రేముకు కలిసేచోట తుప్పు ముందు కనిపిస్తుంది. పైపైన ఎర్రబడితే భయం లేదు, రేకులు రేకులుగా ఊడుతుంటే ఆ బండి వద్దు. అమ్మేముందు కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే దాని కింద ఏముందో అడగండి.

టైరు పక్కన డాట్ అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. టైర్లు ఒక పక్కే అరిగి ఉంటే కారణం కనుక్కోండి. హిచ్ బాగా గీసుకుపోయి ఉంటే ఆ బండి బరువులు లాగినట్టే, గేరు ఆయిలు ఎప్పుడు మార్చారో రసీదు చూపించమనండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్టు చేసి వినండి. ఆఖరికి, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్కు చేత చూపించండి. అందుకు ఒప్పుకోకపోతే దణ్ణం పెట్టి వచ్చేయండి.

పిల్లలున్న ఇంట్లో

పెద్ద ట్రక్కుల బోనెట్టు ఎత్తు ఎక్కువ. ముందు నిలబడ్డ చిన్నపిల్లలు డ్రైవరుకు కనపడరు. వెనక కెమెరా 2018 మే నుంచి తయారైన కొత్త బళ్ళన్నిటికీ తప్పనిసరి అయింది కానీ ముందు కెమెరాకు అలాంటి నియమం రాలేదు. బండి కదిలించేముందు చుట్టూ ఒకసారి నడవడం అలవాటు చేసుకోండి. చిన్న క్యాబిన్ ఉన్న ట్రక్కులో పిల్లల సీటు సరిగ్గా పడుతుందో లేదో షోరూములోనే బిగించి చూడండి. మన ఊళ్ళో ట్రాక్టరు తొట్టిలో తిరునాళ్ళకు వెళ్ళిన జ్ఞాపకాలు ఎంత తీయగా ఉన్నా, ఇక్కడ పిల్లల్ని తొట్టిలో మాత్రం ఎక్కించకండి.

ఇంకో మాట. కేటరింగుకో కాంట్రాక్టు పనికో వాడుతుంటే ఆ సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి ముందే చెప్పండి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ వ్యాపార ప్రయాణంలో జరిగిన ప్రమాదానికి వర్తించకపోవచ్చు.

పిల్లలకో ముచ్చట: కోడి తెచ్చిన పన్ను

ట్రక్కుకీ కోడికీ సంబంధమేమిటి? 1960ల మొదట్లో అమెరికా కోళ్ళు చవగ్గా వచ్చి పడుతున్నాయని యూరప్ దేశాలు వాటి మీద సుంకం పెంచాయి. దానికి జవాబుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో బయటినుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం ప్రకటించారు. దాని పేరే చికెన్ టాక్స్! కోళ్ళ గొడవ సద్దుమణిగినా ట్రక్కుల మీద సుంకం దశాబ్దాల తరబడి ఉండిపోయింది. దాన్ని తప్పించుకోవడానికి సుబారు కంపెనీ బ్రాట్ అనే బండి తొట్టిలో రెండు సీట్లు బిగించి "ఇది ట్రక్కు కాదు, కారు" అంది. మీరైతే ఏమనేవారు?

చివరగా, షోరూముకు వెళ్ళేటప్పుడు మూడు వస్తువులు జేబులో వేసుకోండి: నెలరోజుల లెక్కల పుస్తకం, కొలత టేపు, టార్చిలైటు. నచ్చిన బండి తలుపు తెరిచి చీటీని ఫోనుతో ఫొటో తీసుకుని ఇంటికి రండి. రాత్రి భోజనాలయ్యాక పిల్లలతో కలిసి ఆ కూడికలూ తీసివేతలూ చేయండి. లెక్క కుదిరితేనే మర్నాడు బేరానికి వెళ్ళండి. ఆ తర్వాత రంగు మీ ఇష్టం, పేరు మీ ఇష్టం. వచ్చే ఉగాదికి మాత్రం స్టేజి సామాను మోసే బాధ్యత మీదే సుమా!