ఒకే మాత్ర... ఒకరికి మందు, ఇంకొకరికి ముప్పు!

ఇద్దరికీ మలేరియానే. ఇద్దరికీ ఒకే మాత్ర. ఒకరు కోలుకుని పనిలోకి వెళ్లిపోయారు. రెండోవారికి కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం కాఫీ డికాక్షన్‌లా వచ్చింది. మందు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది?

ఈ ప్రశ్నకు జవాబు దొరికింది ఓ జైల్లో!

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులను మలేరియా వణికించింది. వైవాక్స్ రకం పరాన్నజీవి మరీ మొండిది. జ్వరం తగ్గినా కాలేయంలో నక్కి ఉండి, నెలల తర్వాత మళ్లీ విజృంభిస్తుంది. దాని పనిపట్టే మందు కోసం 1944లో ఇలినాయి రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైల్లో ప్రయోగాలు మొదలయ్యాయి. ఖైదీలను మలేరియా దోమలతో కుట్టించి మందులు ఇచ్చేవారు. వాళ్లు ఒప్పుకునే వచ్చారన్నారు. కానీ ఊచల వెనక ఉన్నవాడి ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలేనా అన్న ప్రశ్న ఇప్పటికీ వెంటాడుతూనే ఉంది.

డాక్టర్ ఆల్ఫ్ ఆల్వింగ్ బృందం ప్రిమాక్విన్‌ను అక్కడే పరీక్షించింది. మందు పనిచేసింది. అయితే కొందరిలో, ముఖ్యంగా ఆఫ్రికన్ అమెరికన్ ఖైదీల్లో, ఎర్ర రక్తకణాలు చితికిపోయి రక్తహీనత వచ్చింది. ఎందుకు? వాళ్ల రక్తకణాలకు రేడియోధార్మిక క్రోమియంతో గుర్తుపెట్టి, ఏ ఇబ్బందీ లేనివారికి ఎక్కించి మందు ఇచ్చారు. అక్కడా ఆ కణాలే చితికాయి! అంటే లోపం కణంలోనే ఉందన్నమాట. 1956లో దాని పేరు తేలింది: జీ6పీడీ ఎంజైమ్ లోపం.

ఎర్ర రక్తకణాన్ని రసాయనాల దాడి నుంచి కాపాడే కవచం లాంటిది ఈ ఎంజైమ్. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. మగవారికి ఎక్స్ ఒక్కటే కాబట్టి తల్లి నుంచి లోపమున్న జన్యువు వస్తే ఆదుకునే రెండోది ఉండదు. ప్రపంచంలో దాదాపు 40 కోట్ల మందిలో ఈ లోపం ఉందని అంచనా. విచిత్రమేమిటంటే, మలేరియా ప్రబలిన ప్రాంతాల్లోనే ఇది ఎక్కువ. ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఇవ్వడం వల్లే ఇది తరతరాలుగా నిలిచిందని శాస్త్రవేత్తల మాట.

మామూలు రోజుల్లో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కొన్ని మందులో, బట్టల మధ్య పెట్టే కలరా ఉండలో తగిలితేనే గుట్టు బయటపడుతుంది. అందుకే పసిపిల్లల బట్టల్లో వాటిని పెట్టకపోవడం మంచిది.

మన దేశంలో వైవాక్స్ మలేరియాకు ప్రిమాక్విన్‌ను 14 రోజులు ఇస్తారు. 2018లో అమెరికా అనుమతించిన టఫెనోక్విన్ ఒక్క డోసు చాలు, కానీ జీ6పీడీ పరీక్ష తప్పనిసరి. ప్రిమాక్విన్ వాడుతుండగా మూత్రం నల్లబడినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా వెంటనే మాత్ర ఆపి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. వీలైతే మాత్రకు ముందే ఓ చిన్న రక్తపరీక్ష చేయించుకుంటే మేలు. ఆ ఖైదీలకు అప్పట్లో దొరకని జాగ్రత్త అదే!