విరిగిన విడిభాగమే అసలు పాఠం

మన తేలికపాటి ట్యాంకు ‘జొరావర్’ 2024 డిసెంబరులో సముద్ర మట్టానికి 4,200 మీటర్లకు పైబడిన ఎత్తులో కాల్పుల పరీక్షలు పూర్తిచేసింది. అదే ఏడాది జులైలో గుజరాత్‌లోని హజీరాలో డీఆర్‌డీఓ, ఎల్‌అండ్‌టీ దాని నమూనాను ప్రదర్శించాయి. 2020లో గల్వాన్ ఘర్షణ తరవాతే ఇలాంటి ట్యాంకు అవసరం ప్రస్ఫుటమైంది. 1974లో మంజూరైన అర్జున్ ట్యాంకు సైన్యం చేతికి రావడానికి మాత్రం మూడు దశాబ్దాలు పట్టింది. ఈ తేడాకు కారణాలు అనేకం. అయితే, నాటి ఇంజినీరు బల్లపై లేని సాధనం ఒకటి నేటి ఇంజినీరుకు అందుబాటులో ఉంది. అదే కంప్యూటర్ సిమ్యులేషన్.

చక్రాన్ని చాసిస్‌తో కలిపే సస్పెన్షన్ ఆర్మ్‌నే తీసుకుందాం. తెరపై దాన్ని వేల చిన్న ముక్కలుగా విభజిస్తారు. గుంతలో పడినప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఒక్కో ముక్కపై ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. లోహం సాధారణంగా ఒక్క పెద్ద దెబ్బకు విరగదు. లక్షల చిన్న కుదుపులకు అలసి, ముందు వెంట్రుకవాసి పగులిచ్చి, తరవాత తెగుతుంది. ఆ పగులు ఎక్కడ మొదలవుతుందో ముందే తెలిస్తే అక్కడ మందం పెంచవచ్చు, మూలను గుండ్రంగా మలచవచ్చు. పోతపోయకుండానే పది నమూనాలను పరీక్షించవచ్చు.

ఈ విద్యకూ రక్షణ రంగానికీ బంధం పాతదే. విమానం నుంచి జారవిడిచిన అణుబాంబు నేలను తాకినప్పుడు దాని నిర్మాణం ఏమవుతుందో లెక్కించేందుకు, అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ హాల్‌క్విస్ట్ 1976లో ‘డైనా త్రీడీ’ ప్రోగ్రాం రూపొందించారు. దాని నుంచి పుట్టిన సాఫ్ట్‌వేర్‌తోనే నేడు అనేక కార్ల సంస్థలు ఢీకొనే పరీక్షలను తెరపై జరుపుతున్నాయి.

సైనికుడికి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. వాహనం కింద మందుపాతర పేలితే, కొన్ని మిల్లీసెకన్లలోనే అడుగు రేకు పైకి ఉబ్బి కాళ్లను, వెన్నెముకను దెబ్బతీస్తుంది. అందుకే అడుగుభాగాన్ని ఇంగ్లిష్ ‘వి’ ఆకారంలో మలుస్తారు. సీట్లను అడుగు రేకుకు బిగించకుండా పైకప్పుకో పక్కగోడకో వేలాడదీస్తారు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని కర్మాగారం మందుపాతరలను తట్టుకునే వాహనాలు తయారుచేసింది. అటువంటి వాహనాల్లో ప్రతి మార్పునూ నిజంగా పేల్చి చూడాలంటే ప్రతిసారీ ఓ వాహనం బలి కావాల్సిందే!

కానీ, కంప్యూటర్ మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. నాటో ప్రమాణాల్లో మందుపాతరల నుంచి రక్షణకు నాలుగో స్థాయి అంటే 10 కిలోల పేలుడు పదార్థాన్ని తట్టుకోవడం. బస్తర్ అడవుల్లో దారుల కింద పాతిన వాటిలో అంతకు ఎన్నోరెట్లు ఎక్కువ కూడా ఉంటోంది. 2025 జనవరి 6న బీజాపుర్ జిల్లాలో జరిగిన పేలుడులో ఎనిమిది మంది జవాన్లు, వారి డ్రైవరు అమరులయ్యారు. పరాయి ప్రమాణానికి సరితూగిన డిజైన్ మన దారుల్లో చాలుతుందని చెప్పలేం.

వాతావరణం సంగతీ అంతే. 4,200 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో దాదాపు మూడింట రెండొంతులే. ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది, రేడియేటర్‌కు చల్లదనం తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో రబ్బరు సీళ్లు బిరుసెక్కుతాయి. అదే వాహనం థార్ ఎడారిలో మెత్తటి ఇసుక ధూళిని మింగాలి. ఈ లెక్కలన్నీ కంప్యూటర్‌కు అందించాల్సింది మనమే.

ఆ లెక్కలు మన దగ్గర లేక కాదు, అవి చెత్తలో పోతున్నాయి. నేను పనిచేసిన ఓ సరిహద్దు ప్రాంతంలో ట్రక్కుల స్ప్రింగు పట్టీలు తరచూ విరిగేవి. వర్క్‌షాపు కుర్రాళ్లు రాత్రికి రాత్రే కొత్తవి బిగించి, తెల్లారేసరికి బండిని దారిలో పెట్టేవారు. పాత పట్టీ తుక్కు కుప్పలో చేరేది. అది ఎంత బరువుతో, ఏ ఎత్తులో, ఎన్ని కిలోమీటర్లకు విరిగిందన్న కబురు డిజైనర్‌కు చేరేది కాదు.

నా దృష్టిలో చేయాల్సినవి మూడు. ప్రతి సెక్టారులో కొన్ని వాహనాలకు సెన్సర్లు అమర్చి కుదుపులు, ఉష్ణోగ్రతలు నమోదు చేయాలి. విరిగిన ప్రతి ముఖ్య విడిభాగం వివరాలనూ అహల్యానగర్‌లోని వీఆర్‌డీఈకి, ఆవడిలోని సీవీఆర్‌డీఈకి, భద్రతా నిబంధనలకు లోబడి విడిభాగాల తయారీదారులకూ పంపాలి. కొనుగోలు ఒప్పందాల్లో సిమ్యులేషన్ అంచనాను, క్షేత్ర పరీక్షల్లో తేలిన కొలతను పక్కపక్కన చూపాలన్న షరతు పెట్టాలి.

నైపుణ్యానికి మనకు కొదవ లేదు. విదేశీ కార్ల సంస్థల కోసం ఈ పనే చేస్తున్న ఇంజినీర్లు హైదరాబాద్‌లోనే ఎందరో ఉన్నారు. ఎండాకాలపు ఎడారి పరీక్షో, శీతాకాలపు మంచు పరీక్షో తప్పిందంటే మళ్లీ ఏడాది ఆగాలి. సరైన సమాచారం ముందే తెరకెక్కితే ఆ ఏడాది మిగులుతుంది. సరిహద్దులో కాపు కాసే జవానుకు ఏడాది ముందుగా మంచి వాహనం అందడం చిన్న విషయం కాదు.